అట్టపెట్టె మీద ఊరి పేరు

సంజీవమ్మ కువైట్‌లో బ్నీద్ అల్ గార్ పేటలోని ఈ గదికి వచ్చిననాడు చేతిలో సంచి కూడా లేదు. అంతకుముందు జహ్రాలో పనిచేసిన ఇంట్లో మామా, అంటే ఇంటి యజమానురాలు, ఆమె పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఒళ్లు కాలిపోతున్నా పడుకోనిచ్చేది కాదు. ఓ పొద్దున చెత్త పారేయడానికని బయటికొచ్చి, అట్నుంచి అటే వచ్చేసింది. ఆనాటి నుంచి ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, లేని మనిషి. ఇలాంటివాళ్లను మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకుంటూ, పనికొచ్చిన మగపిల్లల గదుల్లో వంట చేస్తూ ఏళ్లు వెళ్లదీసింది.

ఇప్పుడు కువైట్ ప్రభుత్వం, ఇలాంటివాళ్లు శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చని క్షమాభిక్ష పెట్టింది. పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ చేతికొచ్చింది. పక్కగది హుస్సేన్ పీరా, రాయచోటి వాడు, ఆమె అట్టపెట్టెకు నైలాన్ తాడు బిగించి మార్కర్ మూత తీశాడు. ఇంటికి పోయే పెట్టె మీద పేరూ ఊరూ పెద్దక్షరాలతో రాయకపోతే ఇక్కడెవరికీ నిద్రపట్టదు.

“ఊరేం రాయమంటావక్కా?”

చెయ్యేటి వరదలో సంజీవమ్మ ఊరు కొట్టుకుపోయింది. అప్పుడామె ఇక్కడే ఉంది, ఫోనులో చూసింది. కళ్లల్లో మాత్రం ఊరింకా మునగలేదు. చెనిక్కాయలు ఒలిచే అరుగు, ఏట్లో చెలమ తోడితే ఊరే తియ్యటి నీళ్లు, వదినతో తగువులు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్న రామసుబ్బయ్యకు వరద కాలనీలో ఒంటిగది ఇల్లిచ్చారు. మొగుడు ఎప్పుడో ఇంకొకామెను చేసుకున్నాడు. ఖల్లివెల్లిగా బతికొచ్చిన ఆడమనిషికి ఆ ఒంటిగదిలో చోటుంటుందా?

వదిన వెంకటేశ్వరికి ఫోను చేసింది.

“టికెట్టు వచ్చింది వదినా. మీకు ఇరుకైతే చెప్పు, కడపలో యాడన్నా ఇంటిపని చూసుకుంటా.”

“ఏం, కువైట్లో చేసిన చాకిరీ చాల్లేదా? నీ మంచం యాడెయ్యాల్నో అని మీ అన్నా నేనూ పొద్దున్నించీ కొట్లాడుకుంటాండాం. నేను పొయ్యి పక్కనంటా, ఆయప్ప కిటికీ కాడంటాడు. నువ్వే వచ్చి తీర్పు జెప్పు.”

“ఊరోళ్లు ఏమనుకుంటారో...”

“అనుకునేదానికి ఊరేడుందే? కొట్టుకపాయ గదా!”

ఇద్దరూ నవ్వారు. సంజీవమ్మ ఫోను పెట్టేసి పెట్టె దగ్గరికొచ్చింది.

“చెప్పక్కా, మార్కరెండిపోతాంది” అన్నాడు పీరా.

“రామసుబ్బయ్య చెల్లెలు అని రాయి.”

“అది ఊరు గాదు గదక్కా!”

“వరద కాలనీ అని కింద రాయి. చిన్నగా.”