ఇత్తడి కడ్డీ మీద కాలు

చిన్నప్పుడే బడి మానిపించి నా ఒళ్ళో బీడీల చాట పెట్టారు. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, దారం చుట్టడం వచ్చాయి గాని అక్షరం రాలేదు. దోహా వచ్చాక, అల్ తుమామాలోని మా రూములో పక్క మంచం ఆవిడ శుక్రవారాలు కూర్చోబెట్టి నేర్పింది. అప్పటికే తల సగం నెరిసింది. అందుకే ఈ సంగతి జరిగిన రోజుల్లో రాయలేకపోయాను.

నేను క్లీనింగ్ పని చేసే హోటల్లో ఒక ఇంగ్లీషు పబ్బు ఉంది. హోటలు కట్టిన నాటిది. పొడుగాటి చెక్క బల్ల, దాని అడుగున, నిలబడి తాగేవాళ్ళు కాలు ఆన్చుకోవడానికి ఇత్తడి కడ్డీ. కొన్నాళ్ళు మూసి ఉంచి బాగు చేయించారు. ఇక మీదట తాగడానికే కాక మంచి తిండికి కూడా జనం రావాలట. ఆ పబ్బుకు పెద్దగా, వంటలు చూసుకునే ఒక ఇంగ్లీషు షెఫ్ వచ్చాడు. పాతది పాతగానే కనబడాలని ఆయన పట్టుదల. గోడలకు కొత్త రంగు వేయించి, పొగచూరినట్టు ఉండాలని దాని మీద ఇంకో రంగు వేయించాడు. మేం చాటుగా నవ్వుకున్నాం.

నా తోడికోడలు ఆ మధ్యే పనిలో చేరింది. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటారు. లేకుంటే టికెట్ ఇచ్చి పంపేస్తారు. గడువు దగ్గరపడింది. మెప్పు పొందాలని ఒకరోజు అందరికంటే ముందు వెళ్ళి, చింతపండూ ఉప్పూ పెట్టి ఆ కడ్డీని ఈ చివర నుంచి ఆ చివర దాకా తోమేసింది.

షెఫ్ చూసి అలాగే నిలబడిపోయాడు. ఎవరు చేశారని మేనేజరు హిందీలో అడిగితే, మెచ్చుకుంటారనుకుని ఆమె చెయ్యెత్తింది. ఏళ్ళ నాటి నలుపంతా పోగొట్టావని మేనేజరు కేకలేశాడు.

"అక్కా, బంగారం లెక్క చేసిన గదా. మొకం గట్ల మాడ్చుకున్నడేంది?"

"వీళ్ళకు మురికే బంగారమట. నువ్వు ఊకో."

పంపేద్దామన్నాడు మేనేజరు. షెఫ్ కడ్డీ మీద బూటు ఆన్చి కాసేపు ఆలోచించాడు. తెరిచే రోజు దాకా పనివాళ్ళందరూ వస్తూ పోతూ దాని మీద కాలు పెట్టాలని, మెరుపు తగ్గితే ఆమె ఉంటుందని, లేకుంటే లేదని చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కళ్ళు తుడుచుకుంది.

"దేవుని చెంబు గుడ ఇత్తడే గదా అక్కా. కాలెట్ల పెడుదు? పంపితే పంపనీ."

మా ఇంట్లో బిందెకు కాలు తగిలితే వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవాళ్ళం.

మరునాడు పొద్దున్నే డ్యూటీ బూట్లు వేసుకుని పబ్బులోకి వెళ్ళాను. ఇంకా ఎవరూ రాలేదు. వంగి కడ్డీని తాకి కళ్ళకద్దుకున్నాను. తర్వాత కుడికాలు దాని మీద పెట్టి, బూటుతో రుద్దడం మొదలుపెట్టాను.