ఖాళీ సీటుకు కట్టిన బెల్టు

గ్లైడర్ నడపడం నేర్పిన మాస్టారు పోయారని అద్దంకి నుంచి వాళ్లమ్మాయి కార్డు రాసింది. నాలుగే వాక్యాలు. ఆఖరిది, "మీ గొంతు గురించి నాన్న చెబుతూ ఉండేవారు."

నన్నెరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారు. అడిగితే తప్ప నోరు తెరవకూడదని కాన్వెంటులో నేర్చుకుని, అదే స్వభావం చేసుకున్నదాన్ని. నాలుగేళ్ల కిందట వేసవి సెలవుల్లో, పత్తి చేల మధ్య ఉన్న ఆ పాత విమాన మైదానానికి ఎందుకు వెళ్లానంటే, ఇంజను లేని విమానంలో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదనుకునే.

ముందు సీటు నాది, వెనకది ఆయనది. ఎక్కేముందు పాత మంగళగిరి తువ్వాలుతో అద్దం మీది దుమ్ము ఆయనే తుడిచేవారు. పైకెళ్లాక నన్ను కళ్లు మూసుకోమని, గ్లైడర్‌ను ఎటో ఒరగదోసి, "ఊఁ, ఇక నీదే" అనేవారు. కళ్లు తెరిస్తే, ఆకాశం ఉండాల్సినచోట మిరప కల్లాలు ఎర్రగా గిర్రున తిరుగుతుండేవి. మొదటిసారి భయంతో, మోకాళ్ల మధ్య ఉండే నడిపే కర్ర, స్టిక్‌ను వెనక్కి లాగేశాను. గ్లైడర్ తిరిగే చుట్టు ఇంకా బిగిసింది. ఆయన కేక వెయ్యలేదు. "ముందు రెక్కలు సమం చెయ్యి. ముక్కు సంగతి తర్వాత" అన్నారు, కూరలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా.

నెల తిరిగేసరికి అది చేతికొచ్చింది. అయినా నన్ను ఒంటరిగా పంపలేదు. నా తర్వాత చేరినవాళ్లు వెళ్లొచ్చారు. సెలవులు అయిపోతే ఇక రాలేను. ఎందుకని అడగడం చేతగాక, రెక్క పక్కన నిలబడి ఏడ్చాను.

"బాగానే చేస్తున్నావమ్మా. తెలిసి చేస్తున్నావో, అదాటున కుదురుతోందో నాకెట్టా తెలుస్తుంది? వెనక నుంచి నీ జడ తప్ప నాకేం కనపడదు. అక్కడేం జరుగుతోందో పైకి చెప్పు."

మర్నాడు కళ్లు తెరిచి చెప్పాను. ముక్కు కిందికుంది సార్, ఎడమ రెక్క వాలింది, వేగం పెరుగుతోంది, రెక్కలు సమం చేస్తున్నాను, ఇప్పుడు ముక్కు ఎత్తుతున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వెనక నుంచి ఒకటే మాట, "అదీ."

నేలకు దిగాక నన్ను లేవొద్దన్నారు. తను దిగి, వెనక సీటు బెల్టులు బిగించి కట్టారు. వదులుగా ఉంటే వెనకున్న స్టిక్‌కు చుట్టుకుంటాయట. రెండుసార్లు లాగి చూసి, "నేను లేనని మాట్లాడ్డం మానబాక" అన్నారు.

ఇప్పుడు కాలేజీలో పాఠం చెబుతున్నాను. వెనక బెంచీ దాకా వినపడే ఈ గొంతు ఆయన చలవే.

ఆ రోజు ఒంటరిగా పైన ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాను. దిగి వెనక్కి తిరిగి చూస్తే, ఇంకా ఎవరో కూర్చున్నట్టే, ఆ బెల్టులు ఖాళీ సీటును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.