ఆదివారం ఫోను దగ్గర లీడరు

మా చిన్నప్పుడు రెసిడెన్షియల్ స్కూల్లో ఆదివారం అన్నం తినగానే అందరం వార్డెన్ గది ముందు మెట్ల మీద చేరేవాళ్ళం... బడి మొత్తానికి ఒకటే ఫోను. ఎవరికి ఇంటి నుంచి పిలుపొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చునేవాళ్ళం.

ఫోను ఎత్తే హక్కు మాత్రం ఆ వారం లీడరుదే. వారానికొకడు, వంతులవారీగా. పిల్లలకు నాయకత్వ లక్షణాలు అలవడతాయని మా సార్ల నమ్మకం. అలవడ్డాయి లెండి! నిన్నటిదాకా మా పక్కన చాప మీద పొర్లినవాడు, చొక్కాకి లీడరు బిళ్ళ తగిలించగానే మంత్రిగారి మేనల్లుడైపోయేవాడు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని ఊరికే అనలేదు...

మా నాన్న అప్పట్లో, ఇప్పుడు నేనుంటున్న ఈ ఖతార్‌లోనే, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీ చేసేవాడు. మా ఊరివాళ్ళకు మాత్రం అదీ దుబాయే. అన్నం గంటలో పావుగంట ఆయనకు ఫోను దొరికేది. ఆ పావుగంట కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

మా క్లాసు సురేశ్ లీడరైన వారం, ఇంటి నుంచి వచ్చిన సకినాలు వాడికి పెట్టలేదు నేను. నాన్న ఫోను వచ్చింది. వాడు ఎత్తి, "మీవోడు లేడంకుల్, తానానికి పోయిండు" అన్నాడు. నేను మూడు మెట్ల కిందే ఉన్నాను... అరుస్తూ పైకి వచ్చేసరికి పెట్టేశాడు. నాలుగు రోజులు దుప్పట్లో ఏడ్చాను.

రెండు నెలలకు నా వంతు వచ్చింది. బిళ్ళ పెట్టుకుని, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ... హాయిగా ఉంది.

ఫోను మోగింది. సురేశ్ వాళ్ళమ్మ.

"బిడ్డా, జర మా సురేశ్‌ను పిలువు. కువైట్ పోతున్న. ఎయిర్‌పోర్టు కాడ ఉన్న, లోపటికి పోతే మళ్ల ఫోను దొరకది."

వాడు మెట్ల మీదే ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు.

"లేడాంటీ, తానానికి పోయిండు" అన్నాను.

వాడు పరుగెత్తుకొచ్చాడు. నేను పెట్టేశాను. "మీ అమ్మే. కువైట్ పోతుందట" అన్నాను. వాడు కొట్లాడలేదు. మెట్ల మీదికి పోయి కూర్చుని, ఫోను మోగినప్పుడల్లా లేచి నిలబడ్డాడు... కువైట్ నుంచి ఆమె మళ్ళీ ఫోను చేసింది మూడు నెలలకు.

ఆ నెల ఉత్తమ లీడరు నేనే! ఫోను దగ్గర గోల లేకుండా చూసుకున్నానని ప్రార్థనలో చప్పట్లు కొట్టించారు. నేను సిగ్గులేకుండా నవ్వుతూ నిలబడ్డాను.

ఇప్పుడు ఇక్కడ కూలీల క్యాంపుల్లో వాళ్ళు కూడా అన్నం తింటూనే ఫోనులో పిల్లల మొహాలు చూసుకుంటున్నారు. మధ్యలో ఏ లీడరూ లేడు. బతికిపోయారు పిల్లలు...

హాస్టల్లో లీడర్లు పెట్టిన బాధలు మీకూ ఉంటాయి. అవి రాయకండి, అందరి దగ్గరా బోలెడున్నాయి. మీ వంతు వచ్చినప్పుడు మీరేం చేశారో రాయండి... ఎంతమంది రాస్తారో నేనూ చూస్తాను.