నీలకంఠం తాళం

నీలకంఠానికి తాను వేసిన తాళం మీద నమ్మకం లేదు. వేసి లాగి చూస్తాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. సైకిలు మీద పూర్ణా మార్కెట్ దాకా పోయి, తిరిగొచ్చి లాగిన రోజులున్నాయి. పోర్టులో కళాసీ పని. ఇంట్లో ఉన్నదల్లా నులకమంచం, కుంపటి, సొట్టబిందె.

"ఆ బిందెకింత కాపలా ఏటి?" అనేది పక్కవాటా గంగాలమ్మ.

"బిందె కాదప్పా. తాళం ఎలగుందో అని."

మాఘంలో గంగాలమ్మ మేక ఈనింది. మొదటి పిల్లను తల్లి శుభ్రంగా నాకింది. రెండోది తడి ఒంటితో దుమ్ములో పడింది. పోర్టు గాలి వీస్తే ఆ వీధిలో ఇడ్లీలకు కూడా ఇనప ఖనిజం ఎర్రరంగు వస్తుంది. గంగాలమ్మ శుభ్రం మనిషి. ఎర్రగా అయిన పిల్లను చూడలేక, వేణ్ణీళ్ళతో సబ్బు పెట్టి కడిగి, తుడిచి, తల్లి ముందు పెట్టింది. మేక వాసన చూసి, కొమ్ముతో నెట్టేసింది.

ఆవిడ ఇచ్చిన బెల్లం నీళ్ళు మేక తాగింది, తవుడు తింది. చిన్నది పొదుగు దగ్గరికొస్తే మాత్రం తన్నింది. పట్టుకోబోతే గంగాలమ్మనూ తన్నింది. గుడ్డ ముంచి పాలు పడితే పిల్ల మింగలేదు. నీలకంఠం గోడ మీంచి చూసి, ఏదో అనబోయి, "తాళం ఏసినానో లేదో" అంటూ వెళ్ళిపోయాడు.

ఆకుకూరల గంప ఎత్తుకుని మార్కెట్‌కి పోయిన గంగాలమ్మకు రోజంతా కుదురులేదు. తిరిగొచ్చేసరికి పిల్ల పొట్ట గుండ్రంగా ఉంది. పైడితల్లికి మొక్కిన ఫలం అనుకుంది. కానీ ఆవిడ కళ్ళెదుట మేక మళ్ళీ తన్నింది.

మర్నాడు ఎదురింటి నూకాలు మార్కెట్‌కే వచ్చి చెప్పింది.

"నీ పక్కవాటావోడు పని మద్దిలో సైకిలేసుకుని ఒచ్చీతన్నాడే. నిన్నా ఒచ్చినాడు, ఇయాలా ఒచ్చినాడు. నీ మీదే అనుమానం గావాల."

"నాను దొంగనా? ఆ సొట్టబిందె కోసమా?"

గంప నూకాలుకు అప్పగించి, గంగాలమ్మ విసవిసా నడిచింది. వాకిట్లో సైకిలు పడి ఉంది. తన పెరట్లోంచి గొంతు వినిపించి ఆగింది.

"అప్పకి తెలీదే. సబ్బెట్టి కడిగీసింది. నీ పిల్లే ఇది, సూడు."

నీలకంఠం మేక మెడను చంకలో ఇరికించుకుని, దాని పాలే పిండి చిన్నదాని వీపుకు రాస్తున్నాడు. చిన్నది పొదుగు పట్టుకుని తోకాడిస్తోంది. మేక తల తిప్పి, వాసన చూసి, విసుగ్గా ఒకసారి నాకింది. కాసేపాగి మళ్ళీ నాకింది. అతను మెడ వదిలేశాడు. మేక తన్నలేదు.

గంగాలమ్మ వెనక్కి తిరిగింది. నీలకంఠం తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం, తాళంచెవితో సహా గొళ్ళానికి వేలాడుతోంది. మంచం మీద వీధికుక్క పడుకుంది.

"నీలకంఠం," అంది గోడ ఇవతలి నుంచే, "ఏటి ఈ వేళప్పుడు ఒచ్చినావు?"



"తాళం సూసుకుందారనొచ్చినానప్పా."

"ఎలగుంది?"

"గట్టిగానే ఉంది."

గంగాలమ్మ కుక్కను అదిలించి, తలుపు మూసి తాళం వేసింది. లాగి చూసింది. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగింది.