గీతకు ఇవతల బొట్టు

పలాస స్టేషన్లో రైలు కోసం కూర్చుని, ఇరుగుపొరుగు దేశాల సంబంధాల మీద వచ్చే పరిశోధన పత్రికలో నా వ్యాసం చూసుకుంటున్నాను. పక్కన కూర్చున్న, భావనపాడు నుంచి వచ్చిన మత్స్యకార స్త్రీ అందులోని బంగాళాఖాతం పటంలోకి తొంగిచూసింది.

“సంద్రంలో ఈ గీత ఏటమ్మా?”

“బంగ్లాదేశ్ సరిహద్దు. దాటితే పట్టుకుంటారు.”

ఆమె ముఖం పాలిపోయింది. “మా ఆయన ఒడిశాలో పారాదీప్ బోటు మీద ఏటకి ఎల్లినాడు. ఫోను పలకడం నేదు. నీల్ల మీద ఈ గీత అగుపిస్తాదా?”

“అగుపించదు,” అన్నాను.

ఆమె కొంగుముడిలోంచి అమ్మవారి కుంకుమ తీసి, వేటకెళ్లే పడవ మొనకు పెట్టినట్టే, గీతకు ఇవతల నీలిరంగు మీద బొట్టు పెట్టింది.

అతను తిరిగొచ్చాడో లేదో నాకు తెలియదు. ఆ పేజీ మళ్లీ తెరవాలంటే మాత్రం భయం, బొట్టు చెరిగిపోతుందేమోనని.