ఖాళీగా కూర్చోలేని మనిషి

కువైట్‌లోని రుమైథియా పేటలో నేను వంట చేసిన ఇంగ్లీషువాళ్ళింట్లో సగం సామాను ఆటలకే. గోడవారన టెన్నిస్ బ్యాట్లు, సముద్రంలో మునగడానికి రబ్బరు చొక్కాలు, ఇసుకలో బంతి కొట్టే గోల్ఫ్ కర్రలు, షెడ్డులో ఒక పడవ. మాకు జీతం చేతికొస్తే కడపకు డ్రాఫ్టు తీయడమే తెలుసు. వాళ్ళేమో శుక్రవారం సెలవు కోసమే సంపాదిస్తున్నట్టుండేవారు. సెలవునాడు పడుకోకుండా, పనిరోజు కంటే ఎక్కువ చెమట కార్చేవారు. ఇదేం సుఖమో అని నవ్వుకునేదాన్ని.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మేడం పిల్లలతో వాళ్ళ దేశం వెళ్ళి ఉన్నారు. ఇంట్లో సార్ ఒక్కరే. కొన్నాళ్ళకు సైనికులు తెల్లవాళ్ళను వెతికి పట్టుకుపోవడం మొదలైంది. షుఐబా వైపు ఫ్యాక్టరీల మీద బాంబులు పడకుండా వాళ్ళను అక్కడ అడ్డుగా ఉంచుతున్నారని చెప్పుకునేవారు. అందుకని సార్‌ను వెనక గదిలో దాచి, కిటికీలకు దుప్పట్లు కట్టాను. ఎవరొచ్చినా తలుపు నేనే తీసి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పాలి.

దాక్కోవడమంటే ఊరికే కూర్చోవడం. అదే ఆయనకు చేతకాలేదు. కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగేవారు. దుప్పటి అంచు ఎత్తి వీధిలోకి చూసేవారు. ఆ అడుగుల చప్పుడుకు వంటింట్లో నాకు చెయ్యాడేది కాదు. ఒక పూట చప్పుడు ఆగింది. వెళ్ళి చూస్తే, స్టోర్‌లోని ద్రాక్షరసం డబ్బాలన్నీ పెద్ద ప్లాస్టిక్ క్యాన్లలో పోసి, చక్కెర, ఈస్ట్ కలుపుతున్నారు. మందు దొరకని దేశంలో ఇంగ్లీషువాళ్ళు ఇళ్ళలో చేసుకునే వైన్ అది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నాకు ఒళ్ళు మండింది.

వారం తిరక్కుండా ఇల్లంతా పులిసిన వాసన. క్యాన్ మూతకు పెట్టిన గొట్టం నీళ్ళసీసాలో పగలూ రాత్రీ బుడబుడలాడేది. ఆ వాసన కప్పిపుచ్చడానికి రోజూ దోసెలపిండి రుబ్బి, మూత తీసి పెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇద్దరు సైనికులు వచ్చారు. గుమ్మంలోనే ఆ వాసనేమిటని అడిగారు. పిండిగిన్నె చూపిస్తే నమ్మలేదు. పెనం పెట్టి దోసె పోశాను. ఒకడు తింటుంటే రెండోవాడు హాల్లోకి నడిచాడు. వెనక నుంచి బుడబుడ నాకు వినిపిస్తూనే ఉంది. పెనం మీద నీళ్ళు చల్లి చుయ్యిమనిపిస్తూ, ఒకదాని మీద ఒకటి పోస్తూనే ఉన్నాను. రెండోవాడూ తిరిగొచ్చి తిన్నాడు. ఇంటివాళ్ళేరని అడిగాడు.

"మామా, బాబా సఫర్," అన్నాను, అమ్మగారూ అయ్యగారూ ప్రయాణంలో ఉన్నారని. నమ్మారో, కడుపు నిండిందో, వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే పక్కవీధిలో పనిచేసే మా కడప డ్రైవర్ వచ్చాడు. జోర్డాన్ దాకా బస్సు కుదిరిందట, అక్కణ్ణించి మన దేశానికి విమానం.

"అక్కా, రేపు పొద్దున్నే బస్సు. నీకు సీటు పట్టినా. ఆ తెల్లోని కోసరం నువ్వు సచ్చేది ఏందికి?"

వస్తానన్నాను. వెనక గదికి వెళ్ళి, నేను పోతున్నానని, మీ శుక్రవారం సరదా నా ప్రాణం మీదికి తెచ్చిందని వచ్చీరాని ఇంగ్లీషులో కడిగేశాను. సార్ క్యాన్లు ఒక్కొక్కటే మోసుకెళ్ళి బాత్రూంలో పారబోశారు. కడిగి బోర్లించారు. మంచం మీద కూర్చున్నారు.

నేను బట్టలు సర్దుకుంటుంటే హాల్లో బూట్ల చప్పుడైంది. సార్ వీధి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కాస్త గాలి పీల్చుకుని వస్తానన్నారు. వీధి చివరే సైనికుల చెక్‌పోస్టు ఉందని ఆయనకూ తెలుసు. నవ్వుతూనే చెప్పారు, చెయ్యి మాత్రం గడియ లాగుతోంది. ఈయన్ని ఎవరూ వెతకక్కర్లేదు, చేతిలో పని లేకపోతే తనే నడిచి వెళ్ళిపోతారని అప్పుడర్థమైంది. చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను.

పొద్దున డ్రైవర్ బస్సును గేటు ముందు ఆపించి హారన్ కొట్టించాడు. గేటు దాకా వెళ్ళి, ఈ బస్సుకు రానని చెప్పాను.

"ఈడ నీకేం పనుండాది అక్కా?" అన్నాడు. చెప్పినా అతనికి అర్థమయ్యేది కాదు.

బస్సు వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. లోపలికొచ్చి, ద్రాక్షరసం లేదు గనక ఖర్జూరాలు, మిగిలిన చక్కెరంతా తెచ్చి సార్ ముందు పెట్టాను.