కొంగుముడి ఊడకుండా పికప్ ఎక్కిన రోజు

తెలంగాణ వేరుపడిన కొత్తలో, మహారాష్ట్ర సరిహద్దున జివతి కొండల్లోని మా ఊరిని రెండు రాష్ట్రాలూ మాదంటే మాదన్నాయి. ఊరి రోడ్డును మాత్రం ఎవరూ మాదనలేదు. ఏడో తరగతితోనే చదువుకు దండం పెట్టి బండి నడుపుకుంటున్న నేను, ఆ రోడ్డు గుంతలకు విసిగి, నా పెళ్లికి వారం ముందు చంద్రపూర్ మెకానిక్‌తో నా పికప్‌ను జానెడు ఎత్తు లేపించి, పెద్ద టైర్లు వేయించాను.

పెళ్లి కోర్పనాలో, మేనమామ ఇంట్లో. పెళ్లికూతురు ఆయన బిడ్డ సునంద. అప్పగింతలయ్యాక పికప్ దగ్గరికొచ్చాం. వెనక తొట్టిలో మాకోసం పరుపు పరిచారు.

"మీ ఇల్లు చేరేదాక కొంగుముడి ఊడొద్దు, అరిష్టం," అని అత్త గట్టిగా చెప్పింది.

ఊరంతా చూస్తోందన్న హుషారులో టైరు మీద కాలుపెట్టి ఎగిరాను. నా కండువాకు ముడేసిన సునంద కొంగు వెనక్కి లాగింది. బాసింగంతో సహా మామ కాళ్ల దగ్గర పడ్డాను.

"మల్ల మొక్కుతున్నవా అల్లుడా? గిప్పుడే మొక్కినవ్ గదా!" అన్నాడు మామ.

అందరూ నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. ముడి వదులైంది, ఇంకోసారి పడితే ఊడేదే.

సునంద కుచ్చిళ్లు దోపుకుంది. "జరుగు బావా. పత్తి బండ్లెక్కి తొక్కినదాన్ని, నాకు గిదో ఎత్తా?" అంటూ ముడిని పిడికిట్లో బిగించి, ఒక్క ఊపున ఎక్కి, రెండో చేయి నాకందించింది.

బండి కదిలాక నా చెవిలో అంది: "దిగేటప్పుడు నువ్వే ముందు దిగు బావా. పడుడు నీకు అలవాటైంది."

ముడి ఊడకుండానే ఇల్లు చేరాం. అప్పటినుంచి ఎక్కడ కాలుపెట్టాలన్నా ముందు సునందనే అడుగుతున్నాను.